బర్డ్స్‌విల్ హోటల్ మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం మొన్న రాత్రి చదివాను. అప్పుడే జవాబు రాద్దామనుకున్నా గానీ మొదటి పేరాలోనే ఒక వాక్యం తగిలి, ఒళ్ళు మండి ఫోన్ పక్కన పడేశాను. “మానవమాత్రుడు లేని ఎడారి నడిబొడ్డున 1884లో వెలసిన ఈ హోటల్లో కాలం ఆగిపోయింది” అని రాశావు. ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలు. నువ్వు కావాలని రాయలేదని తెలుసు. ఆస్ట్రేలియాలో అలాంటి చోట్ల గురించి ట్రావెల్ వీడియోలన్నీ ఇదే చెప్తాయి, వినగా వినగా మనకీ నిజమే అనిపిస్తుంది. కానీ అడిలైడ్ నుంచి అంత దూరం ఆ కంకర రోడ్డు మీద కారేసుకుని వెళ్ళిన పిల్లవి, కళ్ళతో చూసొచ్చిన పిల్లవి, చివరికి ఎవరో చెప్పిన మాటే దించేస్తే ఎలా?

మానవమాత్రుడు లేకపోవడమేంటి? ఆ నేల వాంగ్‌కంగుర్రు, యార్లుయాండి అనే ఆదివాసీ ప్రజలది. ఊరి పక్కన మొదలయ్యే ఆ సింప్సన్ ఎడారిలో వాళ్ళు ఇసుకని తొలుచుకుంటూ సన్నగా లోతుగా బావులు తవ్వుకుని, వాటి మీదే బతికారు. హోటల్ కట్టిన రెండేళ్ళకి, 1886లో, డేవిడ్ లిండ్సే అనే సర్వేయరు ఆ ఎడారిలోకి వెళ్ళగలిగాడంటే, దారి తెలిసిన వాంగ్‌కంగుర్రు మనిషి ఒకడు వెంట ఉండి ఒక్కో బావీ చూపించాడు కాబట్టే. అతను లేకపోతే సర్వేయరు లేడు, మ్యాపూ లేదు. నీ వ్యాసంలో పందెం గుర్రాల పేర్లున్నాయి, పైకప్పుకి వేలాడే పాత టోపీల గురించి పేరాన్నర ఉంది, వీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

ఇక కాలం ఆగిపోవడం. ఆ ఊరు క్వీన్స్‌లాండ్ నైరుతి మూలన, సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దుకి ఆనుకుని ఉంది. 1901 దాకా అవి రెండు వేర్వేరు కాలనీలు, సరిహద్దు దాటే పశువుల మీద, సరుకు మీద సుంకం కట్టాలి. ఎగువనున్న మేత భూముల నుంచి దక్షిణానికి తోలుకెళ్ళే మందలు అక్కడ ఆగేవి, ఆగిన చోట లెక్క రాసే ఉద్యోగి, పోలీసు, దుకాణం, ఆ వెనకే హోటళ్ళు వచ్చాయి. ఒక దశలో ఆ చిన్న ఊళ్ళో మూడు హోటళ్ళుండేవి! 1901లో కాలనీలన్నీ ఒక దేశమయ్యాయి, సుంకం పోయింది, దాంతో ఊరు చిక్కిపోయింది. 1979లో నీ హోటలే అంటుకుని లోపల చాలా భాగం కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు. “1884 నాటి గాలి పీల్చుకుంటూ” నువ్వు కూర్చున్న బార్ ఆ మంటల తర్వాతది. ఇంత జరిగిన చోట కాలం ఆగిందని ఎలా అనిపించింది నీకు?

నువ్వు చాలా ప్రశ్నలడిగావు. శైలి ఎలా వస్తుంది, ఏ పత్రికకి పంపాలి, పుస్తకంగా వేస్తే ఎవరైనా కొంటారా అని. అవన్నీ తర్వాత. నాకు ఇన్నేళ్ళలో గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది, అది చెప్తాను. పాత కట్టడం గురించి రాసేముందు రెండు సంగతులు కనుక్కోవాలి. అక్కడికి నీళ్ళు ఎక్కడ నుంచి వచ్చాయి, సరుకు ఎవరు మోసుకొచ్చారు. ఈ రెండూ తేలేదాకా గోడల జోలికి, యజమానుల జోలికి పోకూడదు. ఎవరు కట్టించారు, ఎవరు కొన్నారు అన్నది రిజిస్ట్రారాఫీసులో దొరుకుతుంది, దానికి రచయిత అక్కర్లేదు.

ఈ కళ్ళతో నీ హోటల్ని మళ్ళీ చూడు. 1884 అని రాసి వదిలేశావు కదా, సరిగ్గా ఆ ఏడాదే దక్షిణాన మర్రీ అనే ఊరికి రైలొచ్చింది, అప్పట్లో హెర్గాట్ స్ప్రింగ్స్ అనేవాళ్ళు. అక్కడి నుంచి బర్డ్స్‌విల్‌కి 500 కిలోమీటర్ల పైమాటే. పశువులు ఆ దారిన నడిచి రైలు దగ్గరికి దిగేవి, సరుకు ఆ దారినే పైకెక్కేది. పిండి, చక్కెర, మేకులు, సీసాలు, రేకులు, అన్నీ. ఎవరు మోశారు? ఒంటెలు మోశాయి. ఒంటెల్ని తోలినవాళ్ళు బలూచిస్తాన్ నుంచి, పంజాబ్ నుంచి, పెషావర్ వైపు నుంచి, అంటే అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి కూడా వచ్చినవాళ్ళు. అందర్నీ కలిపి “అఫ్గాన్లు” అనేసేవారు. మర్రీలో వాళ్ళు మసీదు కట్టుకున్నారు, ఖర్జూరం చెట్లు పెంచారు. రైలు పట్టాలకి ఒక పక్క తెల్లవాళ్ళ ఇళ్ళు, ఇంకో పక్క వీళ్ళూ ఆదివాసులూ. దేశం మధ్య భాగానికి ఇంత సరుకు చేరవేసినవాళ్ళకి 1903 చట్టం పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే హక్కే లేకుండా చేసింది. నువ్వు అక్కడ పీఆర్ కోసం, అంటే శాశ్వత నివాస అనుమతి కోసం ఎదురుచూస్తున్నానని ఉత్తరంలో రాశావు. ఆ టెన్షన్ తెలిసినదానివి, వాళ్ళ గురించి ఒక పేజీ రాయగలవు. వాళ్ళు తెలుగువాళ్ళు కారు, మనవాళ్ళని చెప్పుకోనక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

ఒంటెల తర్వాత లారీ. 1936 నుంచి టామ్ క్రూజ్ అనే ఆయన ఆ దారిలో రెండు వారాలకోసారి ఉత్తరాలూ సరుకూ వేసుకెళ్ళేవాడు. ఆయన లేలాండ్ బ్యాడ్జర్ లారీని మీ దగ్గరే, అడిలైడ్ పక్కన బర్డ్‌వుడ్ మోటార్ మ్యూజియంలో పెట్టారు, ఒక ఆదివారం వెళ్ళి చూడు. ఇసుక దిబ్బ అడ్డమొస్తే ఇనప పలకలు దించి చక్రాల కింద పరవాలి, లారీ ఆ పలక పొడవు ముందుకి జరుగుతుంది, వెనక పలక తీసి మళ్ళీ ముందు వెయ్యాలి. దిబ్బ దాటేదాకా అంతే. 49.5 డిగ్రీలు నమోదైన ఊరికి వెళ్ళే దారి అది, 1972 డిసెంబరులో, క్వీన్స్‌లాండ్ మొత్తానికీ ఇప్పటికీ అదే రికార్డు. ఆ ఎండలో కాలే ఇనుముని చేత్తో పట్టుకోవడం ఎలా ఉంటుందో రాయి. “సాహసోపేతమైన ప్రయాణం” అన్న మాట తీసెయ్. 1963 డిసెంబరులో ఆ రోడ్డు మీదే కారులో పెట్రోలైపోయి ఒక కుటుంబంలో ఐదుగురూ దాహంతో చనిపోయారు. అది తెలిశాక ఆ మాట వాడబుద్ధి కాదు.

నీళ్ళ సంగతి నీ వ్యాసంలో ఒక్కచోట వచ్చింది, అదీ ఫిర్యాదుగా, హోటల్ గదిలో కొళాయి తిప్పితే వాసన వచ్చిందని. అమ్మాయ్, అసలు కథ ఆ కొళాయిలో ఉంది. ఊరు పుట్టింది డయామంటీనా నది దాటే చోట, దాని మొదటి పేరే డయామంటీనా క్రాసింగ్. ఆ నదికి ఎక్కడో ఎగువన వాన పడితేనే ప్రవాహం, మిగతా రోజుల్లో మడుగులే. తర్వాత బోరు వేశారు, కిలోమీటరుకి పైగా లోతు, నీళ్ళు తమంత తామే పైకి తన్నుకొస్తాయి, అదీ 98 డిగ్రీల వేడితో. చల్లార్చి గానీ వాడలేరు. ఆ వేడితోనే చాలా ఏళ్ళు ఊరికి కొంత కరెంటు కూడా తీశారు. నేను అనంతపురం జిల్లాలో పెరిగాను. వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేచిన బోర్ల పక్కన రైతులు తల పట్టుకుని కూర్చోవడం చూస్తూ పెరిగాను. అందుకేనేమో, నీళ్ళ గురించి రాయకుండా ఎడారి హోటల్ చరిత్ర రాశామంటే నాకు మనసొప్పదు.

ఈ నమ్మకానికి నేను కట్టిన ధర కూడా విను. వయసులో ఉన్నప్పుడు మా వైపు ఒక పాత ట్రావెలర్స్ బంగళా మీద పెద్ద వ్యాసం రాశాను. తెల్లదొరలు మకాం వేసిన బంగళా. దాని వెనకాల బావి నుంచి కావిడితో నీళ్ళు మోసిన ముసలాయన అప్పటికింకా ఉన్నాడు. దొర స్నానానికి ఎన్ని కుండలు, గుర్రానికి ఎన్ని, ఎండాకాలం బావి అడుగంటితే ఎంత దూరం నడవాలి, అన్నీ చెప్పాడు. భుజం మీద కావిడి బద్ద ఒరిసి కాయలు కట్టిన చోట చొక్కా తీసి చూపించాడు. ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చింది. చూస్తే ముసలాయన లేడు, బావి లేదు. దొర పేరు హెడ్డింగులో ఉంది, బంగళా ఫొటో సగం పేజీ. ఎడిటర్‌ని అడిగితే “కూలోడి సంగతి ఎవరు చదువుతారండీ, హెరిటేజ్ అంటే జనానికి గ్రాండ్‌గా ఉండాలి” అన్నాడు. ఆయనకి మళ్ళీ ఒక్క వ్యాసం ఇవ్వలేదు. ఆ రోజుల్లో నెల గడవడానికి ఆ పారితోషికమే దిక్కు, అయినా ఇవ్వలేదు. ట్యూషన్లు చెప్పుకున్నాను. ఇప్పటికీ ఆ పేజీ చూస్తే కోపమొస్తుంది. ముసలాయనకి చూపిస్తానని మాటిచ్చి, చూపించడానికి ఏమీ లేక ఆ దారిన వెళ్ళడమే మానేశాను.

ఆ ఎడిటర్ల కాలం పోయిందనుకుంటే ఇప్పుడు కొత్త మోజొకటి పట్టుకుంది. ప్రతి పాత గోడ దగ్గరా ఒక నిట్టూర్పు, ఎర్రటి సూర్యాస్తమయం, “ఈ రాళ్ళు మాట్లాడతాయి” అనే ఒక లైను. రాళ్ళు మాట్లాడవు, పనివాళ్ళు మాట్లాడతారు, వాళ్ళ దగ్గర కూర్చోవాలి. నీ వ్యాసంలో సూర్యాస్తమయాలు మూడున్నాయి. మూడూ కొట్టెయ్. గుర్రప్పందేల గొడవ కూడా తగ్గించు, అవి 1882లోనే, హోటల్ కంటే ముందే మొదలయ్యాయి, ఏటా సెప్టెంబరులో వేలమంది దిగుతారు, రెండు లైన్లు చాలు.

మరి ఇంత తిట్టి ఎందుకు రాస్తున్నానంటే, ఏడో పేరాలో ఒక పిల్ల ఉంది. పొద్దున్నే వరండా ఊడుస్తుంటే, ఊడ్చిన చోటే మళ్ళీ ఎర్ర దుమ్ము పడుతుంటే, నువ్వు పలకరిస్తే “పన్నెండింటికి మళ్ళీ ఊడవాలి” అని చీపురు గోడకి ఆనించి దుప్పట్లు మార్చడానికి వెళ్ళిందని రాశావు. ఎక్కడి నుంచి వచ్చిందో అడగలేదు. ఎన్నాళ్ళ వీసానో, రోజుకి ఎన్ని గదులో, ఉతికిన దుప్పట్లు ఆ దుమ్ములో ఎక్కడ ఆరేస్తారో అడగలేదు. వెంటనే టోపీల దగ్గరికి వెళ్ళిపోయావు. నేను మాత్రం ఆ పిల్ల దగ్గరే ఆగిపోయాను. అంత చూడగలిగిన కన్ను ఉంది నీకు.

ఇంకొకటి. ఆ ఊళ్ళో రాయల్ హోటల్ అని ఇంకోటి ఉండేది, ఇప్పుడు మొండి గోడలే మిగిలాయి. నువ్వు దాని ముందు ఫొటో దిగి “శిథిలాలు” అని కింద రాశావు. 1923లో ఆస్ట్రేలియన్ ఇన్లాండ్ మిషన్ అనే చర్చి సంస్థ వాళ్ళు ఆ హోటల్ని ఆసుపత్రి చేశారు. ఇద్దరు నర్సులు వచ్చారు, డాక్టరు లేడు. రోగుల దగ్గరికి డాక్టరుని తీసుకెళ్ళే ఫ్లయింగ్ డాక్టర్ విమానం మొదలైంది 1928లో, అదీ చాలా దూరాన క్లాన్‌కరీలో. అంటే అన్నేళ్ళు పురుళ్ళూ జ్వరాలూ విరిగిన ఎముకలూ అన్నీ ఆ ఇద్దరి చేతుల్లో, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళ చేతుల్లో. నువ్వు నర్సువి. రాత్రి డ్యూటీలో డాక్టరు ఫోనెత్తకపోతే ఎలా ఉంటుందో ఉత్తరంలో నాకు రాసింది నువ్వే. ఆ మొండి గోడల గురించి నీకంటే బాగా ఎవరు రాస్తారు?

కాబట్టి ఇలా చెయ్. నిలబడ్డ హోటల్ని పక్కన పెట్టి కూలిన హోటల్‌తో మొదలుపెట్టు. వారసత్వ రిజిస్టరులో ఎక్కిన తేదీ చివర్లో ఎక్కడైనా ఒక్క ముక్కలో చెప్తే సరిపోతుంది. వరండా పిల్ల నంబరు ఉంటే ఫోన్ చెయ్, లేకపోతే హోటల్‌కే ఫోన్ చేసి గదులు సర్దేవాళ్ళతో మాట్లాడు, మేనేజర్‌తో వద్దు, ఆయన నీకు టోపీల కథే మళ్ళీ చెప్తాడు. నీళ్ళు ఎలా చల్లారుస్తారో కూడా అడుగు. నర్సుల భాగం ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. ఫొటోలు మాత్రం పంపకు, నా ఫోన్లో జాగా లేదు.