కోరికల నుయ్యి కడుతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

విజయనగరం ఇంటి పెరట్లో చెక్కతో కోరికల నుయ్యి, అదే నాణెం వేసి కోరిక కోరుకునే అలంకారపు నుయ్యి, నీ చేతులతోనే కడతానని పట్టుబట్టావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల రంపం పట్టిందని వీధిలో అందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం ఆ నుయ్యి చుట్టూ చేరే పిల్లలే కళ్లముందు మెదిలి నిద్ర పట్టలేదు.

కొలతలు నీకు తెలిసినవే. నూతి చుట్టుగోడ, అంటే ఒర, ఎనిమిది పలకలది అయితే ప్రతి చెక్క కొసనూ 22.5 డిగ్రీల వాలుకు కోయాలి. వెడల్పు 3 అడుగులు చాలు. సరుగుడు చౌకగా దొరుకుతుందని ఆశపడకు, అది మట్టికి ఆగదు. మన పాత ఇంటి టేకు తలుపులు అటక మీద ఉన్నాయి, చిత్రిక పడితే చేవ కట్టె బయటపడుతుంది.

ఇక గిలకను మోసే స్తంభాల సంగతి. ఉద్దానంలోని మన మంచినీళ్ల నూతికి మీ చిన్నతాతయ్య రెండు స్తంభాలు వేయించి, రాతిలా నిలుస్తాయన్న నమ్మకంతో వాటి మొదళ్లను నేరుగా సిమెంటులో పాతించాడు. చెక్క ఎండకు ముడుచుకుని, వానకు ఉబ్బుతుంది కనుక దానికీ సిమెంటుకూ మధ్య సందు పడింది. స్తంభం మీదుగా జారిన నీళ్లు ఆ సందులోకి దిగి, బయటకు పోయే దారి లేక అక్కడే నిలిచాయి. ఏటా సంక్రాంతికి రంగు వేయించేవాడు కనుక చూసేవాళ్లకు అవి కొత్తవాటిలాగే కనిపించేవి. ఒక ఉదయం మా అక్క చేద పైకి లాగుతుండగా ఒక స్తంభం నేలమట్టానికి పుటుక్కున విరిగి, దూలం, గిలక, చేద అన్నీ నూతిలో పడ్డాయి. చేంతాడు వదిలేసింది కనుక అక్క మనకు దక్కింది. ఆ విరిగిన మొదలును నేను గోటితో నొక్కి చూశాను. పైన రంగు పొర చెక్కుచెదరలేదు. లోపల కట్టె మాత్రం తడిసిన చెరకు పిప్పిలా వేళ్లకు ఊడి వచ్చింది. ఆనాటి నుంచి ఎవరి ఇంట స్తంభం కనిపించినా నా చూపు ముందు దాని మొదలు మీదికే పోతుంది.

అందుచేత, తల్లీ, నీ స్తంభాలను నేలలో పాతవద్దు. సిమెంటు దిమ్మె పోసి, అది పచ్చిగా ఉన్నప్పుడే ఇనుప పట్టీలు నిలిపి, చెక్క మొదలు దిమ్మెకు రెండు అంగుళాల ఎత్తున ఉండేలా బోల్టులు బిగించు. చెక్క నీరు ఎక్కువగా తాగేది కొసల్లోనే కనుక వాటికి జీడిపిక్కల నూనె రెండు మూడు పూతలు పట్టించు. పలాస నుంచి నేనే తెప్పిస్తాను. అది చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చేతికి తొడుగు లేకుండా డబ్బా మూత తీశావని తెలిస్తే ఊరుకోను.

పైకప్పుకు పెంకులు వద్దు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరుసలుగా కూలడం చూసినవాణ్ణి. సన్నని పలకలతో కప్పి, రెండు పక్కలా గాలి పోయే దారి వదులు. పలకలకు మేకులు కాదు, స్క్రూలు వాడు.

అలంకారానికే అయినా పిల్లలకు అది నుయ్యే. గోదావరి వంతెన మీద రైలులోంచి మనవాళ్లు నాణేలు విసిరినట్లే, ఇంగ్లండు ఉత్తరాన రోమన్ల నాటి ఒక నూతిని 1876లో తవ్వితే 13 వేలకు పైగా నాణేలు దొరికాయి. నీ నూతిలో నాణెం పడిందంటే దాన్ని తీయడానికి ఏదో ఒక పసివాడు తలకిందులుగా వంగుతాడు. ఒర అంచుకు జానెడు కింద గట్టి ఇనుప వల బిగించి, దాని కిందంతా మట్టితో నింపేయి. చేంతాడు పసివాడి మెడకు ఉచ్చుగా పడేంత పొడుగు ఉండకూడదు. చేద అడుగున బెజ్జాలు పెట్టు, నిలిచిన మంచినీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.

పొద్దున్నే అన్నం తిని పనిలోకి దిగు, రంపం పట్టేటప్పుడు చున్నీ తీసి పక్కన పెట్టు. తలుపు చెక్కలూ నా ఉలీ వచ్చే ఆదివారం బస్సుకు వేయిస్తాను. దిమ్మె పోసిన రోజున ఫోను చెయ్యి. స్తంభాలు మాత్రం నేను వచ్చేవరకు నిలబెట్టవద్దు.

మీ తాతయ్య