క్యాంపర్‌వ్యాన్‌లో తాళింపు పెట్టొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, జనవరిలో మా అబ్బాయి, కోడలితో కలిసి న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ చూడబోతున్నాం. అబ్బాయి క్యాంపర్‌వ్యాన్, అంటే లోపలే పడుకుని వండుకునే బండి, బుక్ చేశాడు. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకపో, క్వీన్స్‌టౌన్ మీదుగా మిల్ఫర్డ్ సౌండ్ దాకా ప్లాన్. "వంట గోల పెట్టుకోకమ్మా, బయటే తిందాం" అంటున్నాడు. మా వారికి రాత్రిపూట అన్నం, చారు లేకపోతే నిద్ర పట్టదు. నేను శాకాహారిని, ఆయన చేపలు తింటారు. అంత చిన్న వ్యాన్‌లో మన వంట కుదురుతుందా? పచ్చళ్లు, పొడులు తెచ్చుకోనిస్తారా?
- ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: మీ అబ్బాయి మాట సగం వినండి. మధ్యాహ్నం బయట తినండి, పొద్దున, రాత్రి వ్యాన్‌లో వండుకోండి. క్రైస్ట్‌చర్చ్‌లో మా ఇంట్లో దిగే చుట్టాలందరికీ నేను చెప్పేది ఇదే. ఖర్చు సంగతి అలా ఉంచండి. జనవరిలో ఇక్కడ రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. ఇంకా సాయంత్రమే కదా అని టెకపో సరస్సు దగ్గర ఫొటోలు దిగుతూ కూర్చుంటారు. తీరా ఆకలేసి వెళ్తే, ఆ చిన్న ఊళ్లలో చాలాచోట్ల ఎనిమిది, ఎనిమిదిన్నరకే వంటగది కట్టేస్తారు. ఆ టైముకు మీ వారి చారు వ్యాన్‌లో సిద్ధంగా ఉంటే ఎవరికీ టెన్షన్ లేదు.

ఇక తాళింపు. వ్యాన్ కప్పు చేతికందే ఎత్తులో ఉంటుంది, స్మోక్ అలారం అక్కడే ఉంటుంది. నూనెలో ఎండుమిరపకాయ పడిందంటే మీకు దగ్గు రాకముందే అది మొదలుపెడుతుంది. కొందరు బ్యాటరీ పీకేస్తారు, ఆ పని మాత్రం చేయొద్దు. గ్యాస్ పెట్టుకుని అందులోనే పడుకునే బండి అది. మొదటి రాత్రి హాలిడే పార్క్‌లో, అంటే ఇలాంటి బండ్లు, టెంట్లు ఆగే బస స్థలంలో, ఆగండి. అక్కడ అందరికీ కలిపి స్టవ్‌లు, సింకులు, ఫ్రిజ్‌లతో పెద్ద వంటగది ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ వేసి రెండు మూడు రోజులకు సరిపడా తాళింపు ఒకేసారి వేయించి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వెల్లుల్లి, పచ్చి కరివేపాకు వేయకండి, నిల్వ ఉండదు. పూటకో చెంచా పప్పులోనో చారులోనో కలుపుకుంటే ఇల్లు గుర్తొస్తుంది, అలారం మోగదు.

రైస్ కుక్కర్ మీద ఆశ పెట్టుకోవద్దు. అదీ, మైక్రోవేవూ కరెంటు ప్లగ్ ఉన్న సైట్‌లో వ్యాన్‌ను తగిలిస్తేనే పనిచేస్తాయి. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ చాలు, గ్యాస్ మీద ఎక్కడైనా నడుస్తుంది. కాకపోతే పక్కనే టెంటులో పడుకున్నవాళ్లు మొదటి విజిల్‌కు లేచి కూర్చుంటారు, చీకటి పడేలోపే కానిచ్చేయండి. పెసరపప్పు మూత గట్టిగా పట్టే డబ్బాలో నానేసి, ఆ డబ్బా సింక్‌లో పెట్టి బయల్దేరండి. మలుపుల్లో ఎంత దొర్లినా అక్కడే ఉంటుంది. దిగేసరికి పప్పు నాని ఉంటుంది, పది నిమిషాల్లో పులగం అయిపోతుంది. అన్నం అత్తెసరుగానే వండండి. గంజి వార్చి సింక్‌లో పోస్తే అది కింద ట్యాంకులోకి చేరి, మర్నాటికి బండంతా పులిసిన కంపు. నూనె గిన్నెలు కూడా ముందు టిష్యూతో తుడిచి తర్వాత కడగండి. బండి కదిలేముందు గ్యాస్ వాల్వ్ కట్టారో లేదో ఒకరు చూడాలి. ఆ ఒకరు ఎవరో ముందే తేల్చుకోండి.

మధ్యాహ్నం భోజనాలకు మీ దారి మంచిది. ఫెయిర్లీలో బేకరీ పైలు, అంటే లోపల కూరి కాల్చే పెద్ద కర్రీపఫ్‌ల్లాంటివి, పేరుపడ్డవి. ఎక్కువగా మాంసంవే కాబట్టి మీరు అడిగి కొనుక్కోండి. ట్వైజెల్ దగ్గర జలవిద్యుత్ కాలువల్లో సాల్మన్ పెంచుతారు. చేపలు చూసి, అక్కడే తిని, ముక్కలు కొనుక్కుని రావచ్చు. మీ వారికి అది పండగే. కొవ్వున్న చేప, చింతపండు పులుసుకు బాగా నప్పుతుంది. వ్యాన్‌లో వేపుడు మాత్రం వద్దు. ఆ వాసన పరుపులకూ కర్టెన్లకూ పట్టి ఊరు చేరినా వదలదు. క్రామ్‌వెల్‌లో జనవరి అంటే చెర్రీలు, ఆప్రికాట్ల కాలం, రోడ్డు పక్క దుకాణాల్లో కొనండి. మెనూలో 'వి' అని ఉంటే శాకాహారం, గుడ్డు మాత్రం ఉండొచ్చు. కూమరా అంటే చిలగడదుంపే, దాని చిప్స్ మీకు నచ్చుతాయి.

సరుకులన్నీ టె అనావులో నింపుకోండి. అక్కణ్ణుంచి మిల్ఫర్డ్‌కు దాదాపు 120 కిలోమీటర్లు, మధ్యలో సూపర్‌మార్కెట్ లేదు. మిల్ఫర్డ్‌లో పగలు తలుపు తీసి వండకండి. శాండ్‌ఫ్లైలు, అంటే చీకటీగల్లాంటి చిన్న నల్ల ఈగలు, లోపలికొచ్చి కుడతాయి. చీకటి పడితే వాటి గొడవ ఉండదు. ఆ దారిలో కియా చిలకలు బతిమాలినట్టు చూస్తాయి. వాటికి తిండి పెట్టకూడదు, బండి రబ్బర్లు కూడా పీకే రకం.

పచ్చళ్ల గురించి ఒక్కటే మాట: బ్యాగులో తిండి వస్తువు ఏదున్నా న్యూజిలాండ్‌లో దిగేటప్పుడు ఇచ్చే డిక్లరేషన్‌లో రాయండి. రాసినదానికి ఫైన్ ఉండదు, మహా అయితే తీసి పడేస్తారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు. తేనె, పండ్లు, నేతి మిఠాయిలు అసలు తేవద్దు. బియ్యం, పప్పులు, చింతపండు క్రైస్ట్‌చర్చ్ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి.

ప్రశ్న: న్యూజిలాండ్ హోటళ్లలో టిప్ ఇవ్వాలా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అక్కర్లేదు, ఇక్కడ ఆ అలవాటు లేదు. కానీ ప్రభుత్వ సెలవు రోజుల్లో చాలా హోటళ్లు బిల్లు మీద 15 శాతం అదనంగా వేస్తాయి. తలుపు మీద రాసి ఉంటుంది, చూసుకుని లోపలికెళ్లండి. జనవరి 1, 2 రెండూ సెలవులే. నరసరావుపేట వారూ, ఇది మీకు కూడా.