నోకియా దగ్గర ఆలోచనలకు కొరత ఎప్పుడూ లేదు

అంత డబ్బు, అంతమంది ఇంజినీర్లు ఉండి కూడా నోకియా కొత్తగా ఏమీ ఎందుకు చేయలేకపోయింది, ఐఫోన్ వచ్చాక కూడా కళ్లు తెరవలేదా అని అడిగారు. 2006 నుంచి 2011 దాకా హైదరాబాద్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో సింబియన్ ఫోన్లకు, అంటే సింబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే నోకియా ఫోన్లకు, అప్లికేషన్లు రాయడమే నా ఉద్యోగం. నేను పని నేర్చుకున్నదే ఆ ఫోన్ల మీద. అందుకే "గర్వంతో పోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే ఒప్పుకోలేను.

ముందు ఒక విషయం చెప్పాలి. కొత్తవి కనిపెట్టలేదు అన్నది నిజం కాదు. ఐఫోన్ కన్నా మూడేళ్ల ముందే, 2004లో, నోకియా 7710 అనే టచ్‌స్క్రీన్ ఫోన్ ప్రకటించింది. 2005లో 770 అనే ఇంటర్నెట్ టాబ్లెట్ తెచ్చింది, అదీ లైనక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. 2010లో పరిశోధన, అభివృద్ధి మీద పెట్టిన ఖర్చు, నెట్‌వర్క్ విభాగంతో కలిపి, 580 కోట్ల యూరోలు దాటింది. అంటే ఆలోచన ఉంది, డబ్బు ఉంది. ల్యాబ్‌లో పుట్టినది కొనేవాడి చేతికి చేరేలోపు ఏమవుతోంది అన్నదే చూడాలి.

నాకు బాగా తెలిసింది సాఫ్ట్‌వేర్ కాబట్టి అక్కడి నుంచి చెప్తాను. సింబియన్ మూలాలు సయాన్ అనే బ్రిటిష్ కంపెనీ చేతి కంప్యూటర్లలో ఉన్నాయి. మెమరీ చాలా తక్కువగా ఉన్న రోజుల్లో తయారైన వ్యవస్థ అది. ఏ క్షణంలోనైనా మెమరీ అయిపోవచ్చు, అయినా ఫోన్ ఆగిపోకూడదు, వచ్చే కాల్ మిస్ కాకూడదు అన్న లెక్క మీద ప్రతి నియమమూ పెట్టారు. మామూలు భాషల్లో ఒక పేరు ముందు "హలో" తగిలించడం ఒక్క లైను పని. సింబియన్‌లో ఆ మాట ఎంత పొడవు ఉండొచ్చో ముందే తేల్చుకోవాలి, దాన్ని మెమరీలో ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి, దానికి తగిన రకం డిస్క్రిప్టర్, అంటే అక్షరాలు పట్టే పెట్టె లాంటిది, ఎంచుకోవాలి. మధ్యలో ఎర్రర్ వస్తే మెమరీ వృథా కాకుండా ప్రతి వస్తువునూ క్లీనప్ స్టాక్ అనే జాబితా మీద పెట్టి, పని అయ్యాక దించాలి. కాలేజీ నుంచి సి ప్లస్ ప్లస్ బాగా నేర్చుకుని వచ్చిన పిల్లలకు కూడా ఇది వంటబట్టడానికి నెలలు పట్టేది.

ఆ డిజైన్‌ను తక్కువ చేసి మాట్లాడటం లేదు. దాని కాలానికి అది అద్భుతం. కానీ 2007లో ఐఫోన్ 128 ఎంబీ ర్యామ్‌తో వచ్చింది. నోకియా సొంత ఫోన్లలోనూ మెమరీ పెరుగుతూనే ఉంది. అవసరం తగ్గినా పాత నియమాలు మాత్రం అలాగే ఉండిపోయాయి, ఎందుకంటే వాటి మీద అప్పటికే లక్షల లైన్ల కోడ్ నిలబడి ఉంది.

టచ్ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2008లో ప్రకటించిన 5800 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ చేతిలోకి తీసుకుని కాంటాక్ట్స్ తెరిస్తే, ఒక పేరు మీద వేలు పెట్టగానే అది తెరుచుకోదు, రంగు మారుతుంది అంతే. మళ్లీ తాకితే తెరుచుకుంటుంది. అదే మెనూలో ఐకాన్ మీద అయితే ఒక్కసారి తాకితే చాలు. ఈ తేడా ఎందుకంటే, కీప్యాడ్ ఫోన్‌లో ముందు బాణం మీటతో ఒక వరుస మీదికి వెళ్తాం, తర్వాత మధ్య మీట నొక్కుతాం. లోపలి కోడ్‌లో ఆ రెండు మెట్లూ వేరువేరుగా ఉన్నాయి. టచ్ తెర బిగించినా లోపల ఇంకా బాణం మీట, మధ్య మీటే పనిచేస్తున్నాయి. పైగా ఆ తెర రెసిస్టివ్ రకం, తాకితే చాలదు, కాస్త నొక్కాలి. అందుకే డబ్బాలో స్టైలస్ అనే చిన్న పుల్ల కూడా ఇచ్చేవారు. మా అప్లికేషన్ ఒకటి ఆ ఫోన్‌కు మార్చేటప్పుడు ఏ తెరలో ఎన్నిసార్లు తాకాలో పట్టిక రాసుకుని మరీ పనిచేశాం.

ఇక ఫోన్ల సంఖ్య. ప్రతి ధరకూ ఒకటి, ప్రతి ప్రాంతానికీ ఒకటి, సంగీతానికి ఒకటి, ఆఫీసు వాళ్లకు ఒకటి. నోకియాను శిఖరం మీద కూర్చోబెట్టింది ఇదే. 2003లో వచ్చిన 1100లో టార్చిలైటు పెట్టి, దుమ్ము లోపలికి పోని కీప్యాడ్ ఇచ్చి మన పల్లెల్లో రైతుల దాకా తీసుకెళ్లారు. ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. 2007 చివరికి ప్రపంచంలో అమ్ముడైన ప్రతి పది ఫోన్లలో దాదాపు నాలుగు నోకియావే. అంత గొప్ప హార్డ్‌వేర్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ అంటే ఫోన్‌లో ఒక విడిభాగం లాంటిది. ఫోన్ మార్కెట్లోకి వెళ్లే తేదీకి అది తయారవ్వాలి, అంతే. ఒక్కో మోడల్ బృందం తమకు కావాల్సిన మార్పులు తాము చేసుకుంటూ పోయింది. 2009 నాటికి ఒకదానితో ఒకటి పొసగని 57 రకాల రూపాల్లో ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేదని ఇన్సియాడ్ అనే బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఈవ్ డోజ్ రాశారు. ఆ అంకె చూసి నాకు ఆశ్చర్యం కలగలేదు. మా టెస్టింగ్ టేబుల్ సొరుగు నిండా ఫోన్లే ఉండేవి. ఒకే అప్లికేషన్ ఒక దాంట్లో బాగా నడిచేది, అదే తరం ఫోన్ ఇంకోదాంట్లో తెర సైజు దగ్గరో కెమెరా దగ్గరో తేడా కొట్టేది. సింబియన్ మీద నోకియా నడిపిన ఎస్60 అనే సాఫ్ట్‌వేర్ మూడో ఎడిషన్ వచ్చినప్పుడు పాత అప్లికేషన్లు అసలు నడవనే లేదు, అన్నీ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

మన దేశంలో మాత్రం దెబ్బ ఐఫోన్ నుంచి రాలేదు, రెండు సిమ్ముల ఫోన్ల నుంచి వచ్చింది. మా బావగారికి తణుకులో సెల్ షాపు ఉండేది. 2009లో సెకనుకు పైసా ప్లాన్లు వచ్చాక అందరి దగ్గరా రెండో సిమ్ చేరింది. సెలవుల్లో ఆ కౌంటర్ దగ్గర కూర్చుంటే వినిపించే ప్రశ్న ఒకటే: "నోకియాలో రెండు సిమ్ములది ఉందాండీ?" బావగారు "ఇంకా రాలేదండీ" అనేవారు. వచ్చినాయన ఒక నిమిషం ఆలోచించి మైక్రోమాక్సో, ఇంకో కొత్త కంపెనీదో తీసుకుని వెళ్లేవాడు. నోకియా మీద ఆయనకు ఏ కోపమూ లేదు, కావాల్సింది అక్కడ లేదు, అంతే. నోకియా రెండు సిమ్ముల ఫోన్లు మన మార్కెట్‌కు వచ్చేసరికి 2011 అయింది. వాటిలో సి2-03 అనే మోడల్‌లో ఫోన్ ఆపకుండానే రెండో సిమ్ మార్చుకోవచ్చు, ఐదు సిమ్ముల సెట్టింగులు గుర్తుపెట్టుకునేది. ఎంత చక్కని పని! తలుచుకుంటే చేయగలరని చెప్పడానికి అదొక్కటి చాలు. కానీ అప్పటికే షాపు అద్దాల్లో సగం స్థలం వేరే పేర్లు ఆక్రమించేశాయి.

మరి కింద అందరికీ కనిపిస్తున్నది పైవాళ్లకు ఎందుకు కనిపించలేదు? దీనికి నాకు దొరికిన మంచి జవాబు తిమో వువోరి, క్వీ హుయ్ అనే ఇద్దరు పరిశోధకులది. నోకియా పెద్దలు, మధ్యస్థాయి మేనేజర్లు, ఇంజినీర్లు, ఇంకా బయటి నిపుణులతో కలిపి 76 ఇంటర్వ్యూలు చేసి 2016లో ప్రచురించారు. వాళ్లు చెప్పేదేమిటంటే, పైవాళ్లకు పోటీ కంపెనీల భయం, మధ్యవాళ్లకు పైవాళ్ల భయం. "ఈ తేదీకి అవదు" అంటే చేతకానివాడని ముద్ర పడుతుందని మధ్యవాళ్లు నోరు విప్పలేదు. అయిపోతుందని విన్న పైవాళ్లు ఇంకా పెద్ద లక్ష్యాలు పెట్టారు. సింబియన్ సంగతి ఇంజినీర్లకు తెలుసు, కానీ దాని అసలు బరువు బోర్డు గది దాకా వెళ్లలేదు. నన్నడిగితే నోకియాను గర్వం కన్నా ఎక్కువగా దెబ్బతీసింది ఈ భయమే.

ఇంట్లోనే ప్రత్యామ్నాయం ఉందన్నది నన్ను ఇప్పటికీ బాధించే విషయం. 770లో మొదలైన ఆ లైనక్స్ దారి, మేమో, 2009లో ఎన్900 దాకా వచ్చింది. కానీ అసలు ఆదాయం తెచ్చే సింబియన్ పక్కన అది ఎప్పుడూ చిన్న బృందమే. 2010లో ఇంటెల్‌తో కలిసి దాన్ని మీగో అని మళ్లీ మొదలుపెట్టారు, ఇంకొంత కాలం పోయింది. చివరికి 2011 జూన్‌లో ఎన్9 బయటపెట్టారు. ముందు భాగంలో ఒక్క మీట లేదు, అంచు నుంచి వేలు జరిపితే చాలు, అంతా నడుస్తుంది. ఇవాళ మన ఫోన్లన్నీ దాదాపు అలాగే వాడుతున్నాం. కానీ ఎన్9 పుట్టేనాటికే దాని కథ తేలిపోయింది. నాలుగు నెలల ముందే, ఫిబ్రవరిలో, సీఈఓ స్టీఫెన్ ఎలాప్ ఇకపై మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ ఫోనే ప్రధానమని ప్రకటించేశారు.

ఆ ప్రకటన వచ్చిన వారానికే మా క్లయింట్లు సింబియన్ పనులు ఆపేయడం మొదలుపెట్టారు. కొత్త ఫోన్ చేతికి రాకముందే పాతదానికి భవిష్యత్తు లేదని కంపెనీయే చెబితే ఎవరైనా ఏం చేస్తారు? విండోస్ ఫోన్‌తో నడిచే నోకియా ఫోన్లలో మొదటిదైన లూమియాను అక్టోబర్‌లో గానీ ప్రకటించలేదు. మరుసటి ఏడాది విండోస్ ఫోన్ 8 వచ్చినప్పుడు ఆ మొదటి లూమియాలకు అప్‌డేట్ ఇవ్వలేదు. 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. పన్ను వివాదం వల్ల ఆ ఒప్పందంలోకి చేరని, చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరులోని నోకియా ఫ్యాక్టరీ అదే ఏడాది నవంబర్‌లో మూతపడింది. అక్కడ వేలమంది ఉద్యోగాలు పోయాయి, ఎక్కువమంది ఇరవైలలో ఉన్న పిల్లలే. ఎలాప్ గురించి ఎంత చర్చ జరిగినా వాళ్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆండ్రాయిడ్ తీసుకుని ఉంటే బతికేదా అని కూడా అడిగారు. ఫోన్ల వ్యాపారం ఇంకొన్నేళ్లు నిలబడేదనుకుంటాను, ముఖ్యంగా మన దేశంలో, ఎందుకంటే ఆ పేరు మీద నమ్మకం 2011లో కూడా గట్టిగానే ఉంది. పాత స్థానం మాత్రం దక్కేది కాదు. ఆండ్రాయిడ్ తీసుకున్న హెచ్‌టీసీ, సోనీ, మోటరోలా కూడా వెనకబడ్డాయి, ఎల్‌జీ 2021లో ఫోన్ల నుంచే తప్పుకుంది. శాంసంగ్‌కు తెరలు, చిప్పులు, మెమరీ అన్నీ సొంతంగా ఉన్నాయి. నోకియాకు సొంతంగా ఉన్న పెద్ద ఆస్తి ఎన్9 చేసిన ఆ బృందం. దాన్ని 2008లోనే సింబియన్ కన్నా ముందు వరుసలో పెట్టి ఉంటే ఫలితం వేరేగా ఉండేదని నా నమ్మకం.