మెదడు గడ్డకి రేడియేషన్ పెట్టిస్తే పెద్దయ్యాక మళ్లీ క్యాన్సర్ వస్తుందా?

తొమ్మిదేళ్ల పాపకి గడ్డ తీశారు, ఇప్పుడు రేడియేషన్ అంటున్నారు, దానివల్ల తర్వాత ఇంకో క్యాన్సర్ వస్తుందేమోనని అడిగారు. రావచ్చు. నాకు ఇంకో గడ్డ వచ్చింది. అయినా పెట్టించండి.

1993లో నాకు పదేళ్లు. మెడుల్లోబ్లాస్టోమా, అంటే మెదడు వెనక భాగంలో వచ్చే క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్ అయ్యాక వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు రేడియేషన్. తల వెనక జుట్టు ఇప్పటికీ పల్చనే. 28 ఏళ్లు హాయిగా గడిచాయి. 2021లో ఫిట్స్ వచ్చి స్కాన్ తీస్తే నడినెత్తి కింద మెనింజియోమా, అంటే మెదడు చుట్టూ ఉండే పొరలో గడ్డ. మా పెదనాన్న వెంటనే సెల్‌ఫోన్‌ని తిట్టడం మొదలుపెట్టాడు, ఆయనకి అన్నిటికీ అదే కారణం. డాక్టర్‌గారు మాత్రం "చిన్నప్పుడు ఎంత డోసు ఇచ్చారు?" అన్నారు.

పాత ఆసుపత్రికి వెళ్తే రికార్డు రూంలో కుర్రాడు తలెత్తకుండానే "అంత పాతవి ఉండవండీ" అన్నాడు. అమ్మనడిగితే కాగితాలేం లేవంది. ఆ రాత్రి మా ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు చూసి, అమ్మే ట్రంకుపెట్టె తెరిచి, పట్టుచీరల అడుగు నుంచి బట్టల షాపు కవరొకటి లాగింది. ఫైలు అందులో ఉంది! సంబంధాలు తప్పిపోతాయని దాచిందట. పెళ్లయి పదకొండేళ్లు, మా ఆవిడకి మాత్రం నాకు చిన్నప్పుడు తలకి దెబ్బ తగిలిందనే తెలుసు. ఆ రాత్రి జరిగిన గొడవ ముందు ఆపరేషన్ ఎంత!

కాగితం మీద సిరా వెలిసిపోయినా అంకెలు కనబడ్డాయి. తలకీ వెన్నుకీ 36 గ్రే (రేడియేషన్ డోసుని కొలిచేది గ్రేలలోనే), తల వెనక భాగానికి మొత్తం 54. ఇజ్రాయెల్‌లో 1950ల ప్రాంతంలో తలలో తామర వచ్చిన పిల్లలకి వైద్యంగా ఎక్స్‌రేలు పెట్టారు. మెదడుకి తగిలింది సుమారు 1.5 గ్రే, నాకిచ్చిన దాంట్లో ఇరవయ్యో వంతు కూడా లేదు. అలాంటివాళ్లు పదివేల మందికి పైగా ఉన్నారు, దశాబ్దాల తర్వాత లెక్క తీస్తే మిగతావాళ్లకంటే వాళ్లలో మెనింజియోమాలు తొమ్మిది రెట్లు. ఇక నాకు రాకపోతేనే వింత. అదృష్టం, నాది గ్రేడ్ 1, క్యాన్సర్ కాదు. తీసేశారు.

ఇప్పుడు ప్రమాదం తక్కువున్న పిల్లలకి తలకీ వెన్నుకీ 23.4 గ్రేతో సరిపెడుతున్నారు. మీ పాపకెంతో అడిగి, రాయించుకుని, ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి. పెద్దయ్యాక తనకే ఇచ్చేయండి. రేడియేషన్ థైరాయిడ్‌కీ తగులుతుంది, ఆ పరీక్షలు కూడా మానకండి.

నా ఫైలు ఇప్పుడు హాల్లో టీవీ కింద ఉంటుంది. అమ్మ వచ్చినప్పుడల్లా దానిమీద పేపరు కప్పి పోతుంది.