మిక్సీ పెట్టెలో సర్దేముందు దాని అడుగున స్టిక్కర్ చదవండి

ప్రతి జూలైలోనూ అమెరికాకు వచ్చేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, మిక్సీ తెచ్చుకోవచ్చా?" ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండే. అందులో ఆవకాయ, కందిపొడి, దుప్పటి పోను మిగిలిన చోటు కోసం మిక్సీకీ ఇస్త్రీపెట్టెకీ పోటీ. తెచ్చుకోవాలో వద్దో నన్ను అడగక్కర్లేదు. వస్తువును తిరగేసి అడుగున స్టిక్కర్ చదివితే, పదో తరగతి లెక్కతో మీకే తెలిసిపోతుంది.

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో మామూలు ప్లగ్గుల్లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క. స్టిక్కర్ మీద "ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ఇక ఆలోచించకండి. లాప్‌టాప్, ఫోన్ చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. వాటికి పిన్ను ఆకారం మార్చే అడాప్టర్ చాలు. చిక్కంతా "230 వోల్టులు" అని మాత్రమే రాసి ఉన్న వాటితోనే.

నా ఇస్త్రీపెట్టె సంగతి చెబుతాను. దాని మీద 1000 వాట్లు, 230 వోల్టులు అని ఉండేది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి: 1000 బై 230, అంటే 4.35. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది: 230 బై 4.35, సుమారు 53 ఓములు. ఈ 53 ఓములు ఆ పెట్టెలోని కాయిల్‌ది. హైదరాబాద్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా దాదాపు అంతే. ఇప్పుడు దాన్ని 120 వోల్టులకు తగిలించండి. 120ని 53తో భాగిస్తే 2.26 ఆంపియర్లు. దాన్ని మళ్లీ 120తో గుణిస్తే 272 వాట్లు. వోల్టేజ్ సగమైతే వేడి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ లెక్క నేను చొక్కా మీద అరగంట రుద్దిన తర్వాత వేశాను. పెట్టె గోరువెచ్చగా ఉంది, ముడతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇది నయం, నష్టమేమీ లేదు. అమెరికా వస్తువును ఇండియాకు తీసుకెళ్తేనే అసలు ప్రమాదం. మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకోసం ఇక్కడ కొన్న రైస్ కుక్కర్ మోసుకెళ్లాను. 120 వోల్టులు, 600 వాట్లు. అంటే 5 ఆంపియర్లు, 24 ఓములు. నేను మార్చింది ప్లగ్గు ఒక్కటే. అమ్మ బియ్యం కడిగి పోసి స్విచ్ వేసింది. రెండు నిమిషాలు కాకముందే గిన్నె కింద చిటపటలు మొదలయ్యాయి.

"ఏరా, అమెరికా కుక్కర్ ఇంత తొందరగా ఉడికిస్తుందా?" అంది మురిసిపోతూ.

తర్వాత కమురు వాసన వచ్చింది. 230ని 24తో భాగించండి: 9.6 ఆంపియర్లు. వాట్లలో దాదాపు 2200. ఆరువందలకు చేసిన కాయిల్ మీద దానికి మూడున్నర రెట్లకు పైగా మోపాను. తప్పు కుక్కర్‌ది కాదు, నాది.

మళ్లీ మిక్సీకి వద్దాం. దీనికి పై లెక్క అక్షరాలా వర్తించదు. మోటార్ తిరిగేటప్పుడు దానిలోనే ఎదురు వోల్టేజ్ పుడుతుంది కాబట్టి, మీటర్ పెట్టి ఓములు కొలిచి వాట్లు కడితే తప్పు వస్తుంది. స్టిక్కర్ మీది వాట్లనే నమ్మండి. 750 వాట్ల మిక్సీకి స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే 120 వోల్టులను 230కి పెంచే పెట్టె, కావాలి. 120 వోల్టుల వైపు నుంచి అది 6.25 ఆంపియర్లు లాగుతుంది, నష్టాలు కలిస్తే ఇంకాస్త ఎక్కువ. స్విచ్ వేసిన క్షణంలోనూ, గట్టి పిండి పడ్డప్పుడూ ఇంకా లాగుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ 1500 వాట్లది తీసుకోవాలి. అది ఇటుకలా బరువు, వంటగట్టు మీద సగం చోటు తినేస్తుంది. అరచేతిలో పట్టే చవక కన్వర్టర్ మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా మోటార్‌కు తగిలించకండి. నన్నడిగితే, ఇక్కడి కరెంటు కోసమే చేసిన మన మిక్సీలు దొరుకుతున్నాయి, అవి కొనుక్కోండి. వెట్ గ్రైండర్ అయితే అసలే వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. అందులో ఉండేది సాధారణంగా ఇండక్షన్ మోటార్, దాని వేగం హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది కాబట్టి అది 60 హెర్ట్జ్‌కు ఇరవై శాతం వేగంగా తిరుగుతుంది.

ఇక్కడ కొన్న వస్తువులకూ ఇదే లెక్క పనికొస్తుంది. నా మొదటి జనవరిలో ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే గదిలో హీటర్ వేసుకుని, అదే గదిలో చొక్కా ఇస్త్రీ మొదలుపెట్టాను. నిమిషానికల్లా అంతా చీకటి. హీటర్ 1500 వాట్లు, అంటే 12.5 ఆంపియర్లు. ఇస్త్రీపెట్టె 1200, అంటే 10. మొత్తం 22.5. ఆ గది బ్రేకర్, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే మీట, 15 ఆంపియర్లది! ఫోన్ వెలుతురులో బ్రేకర్ పెట్టె వెతుక్కోవడానికి పావుగంట పట్టింది, బట్టల అల్మారాలో కోట్ల వెనక ఉంది. మీరు అద్దెకు దిగిన రోజే అది ఎక్కడుందో చూసుకోండి. ఒక్కో మీట మీద 15 అనో 20 అనో రాసి ఉంటుంది. పడిపోయిన మీటను ముందు పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి, తర్వాత ఆన్ చేయాలి. అంతకంటే ముందు ఏదో ఒక ప్లగ్గు పీకాలి, లేకపోతే మళ్లీ పడుతుంది.

ఆ హీటర్‌నే రాత్రి ఎనిమిది గంటలు ఆగకుండా నడిపితే 12 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే నెలకు 54 డాలర్లు. ఇస్త్రీపెట్టె మానేసి ఇంకో దుప్పటి తెచ్చుకోండి.