సన్నపు హాలులో సోఫా ఎటు? కర్టెన్‌కి గుడ్డ ఎంత?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. హాలు 9 అడుగుల వెడల్పు, 19 అడుగుల పొడవు. వీధి గుమ్మం ఒక చివర, వంటింటి గుమ్మం రెండో చివర. పడమటి గోడకి 4 అడుగుల కిటికీ. రెండు వైపులా సోఫాలు వేస్తే నడవడానికి చోటు లేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: రెండో సోఫా తీసేయండమ్మా. సోఫా లోతు 3 అడుగులు. ఎదురెదురుగా రెండు వేస్తే మిగిలేది 3 అడుగులే, అది మోకాళ్లకే సరిపోతుంది. సోఫా తూర్పు గోడకి చేర్చండి. టీవీ పడమటి గోడకే, కిటికీ పక్కన పెట్టండి. కిటికీకి ఎదురుగా పెడితే సాయంత్రం తెర మీద వెలుగు పడి బొమ్మ కనబడదు. అతిథులకి రెండు మోడాలు (పేము స్టూళ్లు) చాలు. కొనేముందు సోఫా కొలతకి నేల మీద పాత పేపర్లు పరిచి, చుట్టూ నడిచి చూడండి.

కర్టెన్ రాడ్ కిటికీకి రెండు పక్కలా 6 అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 60 అంగుళాలు. కుచ్చు నిండుగా రావాలంటే గుడ్డ దానికి రెట్టింపు, 120 అంగుళాలు. గుడ్డ పన్నా (వెడల్పు) 48 అంగుళాలైతే మూడు ముక్కలు. పొడవు నేలకి అర అంగుళం పైకి. నూలు గుడ్డని తడిపి ఆరబెట్టాకే కుట్టించండి, లేకపోతే మొదటి ఉతుకుకే కురచవుతుంది. పడమటెండకి ముదురు రంగులు వెలుస్తాయి. లేత రంగు తీసుకుని వెనక లైనింగ్ తప్పక వేయించండి. కొట్పాడ్ నేత (ఒడిశాలోని కొట్పాడ్ ఊరి ముదురు రంగుల చేనేత) మీద ఇష్టముంటే సోఫా మీద పరుచుకోండి, ఆ ఎండకి మాత్రం వేలాడదీయకండి.