స్టేటస్ లేని మా అమ్మాయి అమెరికాలో డెంటిస్ట్ కాగలదా?

ప్రశ్న: మేము 2013లో హెచ్-1బీ మీద కాలిఫోర్నియా వచ్చాం. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు, హెచ్-4 మీద వచ్చింది. నాలుగేళ్ల కిందట మా వారి ఎక్స్‌టెన్షన్ తిరస్కరించారు. ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు అయిపోయినా ఇక్కడే ఉండిపోయాం. పాప ఇప్పుడు పన్నెండో గ్రేడ్, వచ్చే జనవరికి 18 నిండుతాయి. డెంటిస్ట్ అవుతానంటోంది. కాగితాలు లేకపోతే ఏ కాలేజీ తీసుకోదని తెలిసినవాళ్లు అంటున్నారు. విజయవాడలో మా అన్నయ్య, ఇక్కడికి పంపించు బీడీఎస్ చదివిద్దాం అంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు టెక్సాస్ వచ్చేయమంటోంది. ఏది నమ్మాలో తెలియక నిద్ర పట్టడం లేదు. - ఒక తల్లి, బే ఏరియా

జవాబు: అమ్మా, తెలిసినవాళ్లు చెప్పిన మాట నిజం కాదు. స్టేటస్ లేని విద్యార్థిని డెంటల్ కాలేజీలో చేర్చుకోకూడదని ఫెడరల్ చట్టం ఎక్కడా అనలేదు. తీసుకోవాలా వద్దా అన్నది రాష్ట్రాన్ని బట్టి, కాలేజీని బట్టి ఉంటుంది. ఆ విషయంలో మీరున్న కాలిఫోర్నియా మిగతా చాలా రాష్ట్రాల కంటే నయం. అయితే కాలేజీల సంగతి తర్వాత. ముందు మీ పాప పుట్టినరోజు గురించి మాట్లాడాలి, ఎందుకంటే మీ అన్నయ్యకు చెప్పాల్సిన జవాబు దాన్ని బట్టే ఉంటుంది.

గడువు దాటి ఉన్న రోజుల్ని ఇమ్మిగ్రేషన్ చట్టం పిల్లలకు 18 నిండిన రోజు నుంచే లెక్కపెడుతుంది. ఇన్నేళ్లూ మీ ఇద్దరికీ లెక్క నడిచింది, పాపకు నడవలేదు. జనవరి నుంచి ఆమెకూ మొదలవుతుంది. ఆ రోజులు 180 దాటాక దేశం వదిలి వెళ్తే మూడేళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. ఏడాది నిండాక వెళ్తే పదేళ్లు. అంటే ఇండియాకు పంపాలన్న ఆలోచన ఉంటే, ఏ నిషేధమూ పడకుండా వెళ్లడానికి ఆమెకు జూన్ నెలాఖరు వరకే సమయం ఉంది. తర్వాత ఎప్పుడైనా పంపొచ్చులే అనుకుంటే ఆ ‘తర్వాత’కు పదేళ్ల ఖరీదు ఉంటుంది. కాలేజీలో చేరాక తాతగారికి బాగాలేదనో, కజిన్ పెళ్లనో రెండు వారాలకు టికెట్ కొన్నా ఇదే వర్తిస్తుంది. ఈ విషయం పాపకు కూడా వివరంగా చెప్పండి. వాళ్ల భవిష్యత్తు గురించి పిల్లలకు తెలియకుండా పెద్దవాళ్లే నిర్ణయాలు తీసుకున్న ఇళ్లలో తర్వాత ఎంత బాధ మిగులుతుందో నేను చూశాను.

మీ అన్నయ్య సలహాను నేను తీసిపారేయను. బీడీఎస్ మంచి డిగ్రీయే, ఐదేళ్లలో, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో, డాక్టర్ అయిపోతుంది. అక్కడ ఉద్యోగానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. కానీ నీట్ రాయాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ చదివి ఉండాలి. ఇక్కడి హైస్కూల్లో చాలామంది పిల్లలు ఫిజిక్స్ వదిలేస్తారు, మీ పాప ట్రాన్స్‌క్రిప్ట్ ఒకసారి చూడండి. ఆంధ్రాలోనో తెలంగాణలోనో చదవలేదు కాబట్టి లోకల్ అభ్యర్థి కాదు, కన్వీనర్ కోటా సీటు మీద ఆశ పెట్టుకోలేం. మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాల ఫీజుకు సిద్ధపడాలి. ఆ డిగ్రీతో తిరిగి అమెరికా రావాలంటే వీసా దొరకాలి, ఆపైన ఇక్కడి డెంటల్ కాలేజీలో అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ పేరుతో మళ్లీ రెండు మూడేళ్లు భారీ ఫీజు కట్టి చదవాలి. అన్నిటికంటే పెద్ద మాట: ఆమె వెళ్తే మీరు చూడటానికి వెళ్లలేరు. వెళ్తే మీకు పదేళ్ల నిషేధం. ఆ అమ్మాయికి ఇండియాలో బతకాలని మనసులో ఉంటే పంపండి. లేకపోతే భయంతో మాత్రం పంపొద్దు, ఎందుకంటే ఇక్కడ దారి ఉంది.

టెక్సాస్ గురించి ఒక్క మాటే. స్టేటస్ లేని పిల్లలకు రాష్ట్రవాసులకుండే తక్కువ ఫీజు ఇవ్వడం 2001లో మొదలుపెట్టింది ఆ రాష్ట్రమే, కానీ 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు దాన్ని ఆపేసింది. అదే ఏడాది ఫ్లోరిడా కూడా తన చట్టాన్ని రద్దు చేసుకుంది. మీరు ఇల్లు మారొద్దు.

డాకా గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు. చిన్నప్పుడు వచ్చిన స్టేటస్ లేనివాళ్లను దేశం నుంచి పంపేయకుండా ఆపడానికి 2012లో వచ్చిన ఆ పథకానికి 2007 జూన్ 15 నాటికే అమెరికాలో ఉండాలి. అంటే ఆ తేదీ తర్వాత పుట్టిన ఎవరికీ అది వర్తించదు, మీ పాపకు కూడా. డాకా ఇప్పిస్తామని డబ్బులు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఇక ఇక్కడి దారి. డెంటల్ కాలేజీకి ముందు మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ ఉంటుంది. కాలిఫోర్నియాలో కనీసం మూడేళ్లు హైస్కూల్ చదివి పాసైన పిల్లలకు ఏబీ 540 అనే 2001 నాటి చట్టం కింద ప్రభుత్వ యూనివర్సిటీల్లో స్టేటస్ లేకపోయినా రాష్ట్రవాసుల ఫీజే పడుతుంది. అర్హత వచ్చినప్పుడు స్టేటస్ సరిచేసుకుంటానని ఒక అఫిడవిట్ ఇవ్వాలి, అంతే. ఆర్థిక సాయానికి ఫాఫ్సా అనే ఫెడరల్ దరఖాస్తు నింపొద్దు, అది ఆమెకు సంబంధించినది కాదు. దాని బదులు కాలిఫోర్నియా డ్రీమ్ యాక్ట్ అప్లికేషన్ నింపాలి. ఆఖరు తేదీ సాధారణంగా మార్చి 2. కాల్ గ్రాంట్ అనే రాష్ట్ర ప్రభుత్వ సాయం కూడా దాని ద్వారానే వస్తుంది. మీ ఆదాయాన్ని బట్టి డిగ్రీ ఫీజు చాలావరకు అందులోనే సర్దుకోవచ్చు. అందుకే డిగ్రీకి అప్పు చేయకండి, ఒక్క డాలర్ కూడా. డబ్బు అవసరం ముందుంది.

డిగ్రీలో ఏ మేజర్ అయినా ఫరవాలేదు గానీ బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ ల్యాబులతో సహా పూర్తి కావాలి. డెంటిస్టుల దగ్గర కూర్చుని పని గమనించడాన్ని షాడోయింగ్ అంటారు. దానికి జీతం ఉండదు కాబట్టి వర్క్ పర్మిట్ అక్కర్లేదు. కమ్యూనిటీ క్లినిక్‌లో వాలంటీరు పనీ అంతే. మీ చుట్టుపక్కల తెలుగు డెంటిస్టులు చాలామంది ఉంటారు, మొదటి ఏడాది నుంచే అడగమనండి. తర్వాత డాట్ అనే డెంటల్ ప్రవేశ పరీక్ష, ఆపైన ఆడ్సాస్ అనే ఒకే దరఖాస్తు ద్వారా దాదాపు అన్ని డెంటల్ కాలేజీలకూ అప్లై చేయడం. అప్లికేషన్లు జూన్ మొదట్లోనే పంపడం మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరు దాకా ఆగితే మంచి మార్కులున్నా వెనకబడతారు.

పరీక్ష రోజు చూపించే గుర్తింపుగా మీ పాపకు ఇండియన్ పాస్‌పోర్టు పనికొస్తుంది. దాని గడువు ఎప్పుడో ఈరోజే చూడండి. కాన్సులేట్ స్టేటస్ కాగితాలు అడుగుతుంది, ఆలస్యం అవుతుంది, అందుకే ఏడాది ముందు నుంచే మొదలుపెట్టండి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, ఇక్కడి కాగితాల్లో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడటం మామూలే. స్కూలు రికార్డు, పాస్‌పోర్టు, డాట్, ఆడ్సాస్ అన్నిట్లో పేరు ఒకేలా ఉండేలా ఇప్పుడే సరిచేయించండి. పరీక్ష గుమ్మం దగ్గర టెన్షన్ పడే పరిస్థితి రాకూడదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏ ఫారంలోనూ సిటిజన్ అని టిక్ పెట్టొద్దు. తెలియక కాదు, తొందరలో కాదు, ఎవరో సర్దుకోవచ్చన్నారని అసలే కాదు. అమెరికా పౌరురాలినని అబద్ధం చెప్పడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో దాదాపు క్షమాపణ లేని తప్పు. రేపు గ్రీన్ కార్డు దారి తెరుచుకున్నా అది మూసేస్తుంది. వేరేవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబరు వాడటం కూడా నేరమే.

కాలేజీలను ఎంచుకునేటప్పుడు వెబ్‌సైట్ చూసి ఊహించుకోకుండా అడ్మిషన్ ఆఫీసుకు పేరు చెప్పకుండా మెయిల్ రాయించండి. డాకా లేని విద్యార్థిని తీసుకుంటారా? ఏబీ 540 ఫీజు మీ డెంటల్ కోర్సుకు వర్తిస్తుందా? ఇంటర్నేషనల్ విద్యార్థిగా లెక్కేసి ఫీజు డబ్బు ముందే చూపించమంటారా? బయటి ఆస్పత్రుల్లో రొటేషన్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలా? ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు ఇచ్చిన కాలేజీకే అప్లికేషన్ ఫీజు కట్టండి. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు మీ రాష్ట్రంలో రెండు, యూసీఎస్‌ఎఫ్, యూసీఎల్‌ఏ. అవి మొదటి వరుసలో ఉండాలి. ప్రైవేటులో నాలుగేళ్ల చదువు, ఖర్చులు కలిపితే 5 లక్షల డాలర్లు దాటడం కొత్త కాదు. ఫెడరల్ లోన్ ఆమెకు రాదు. కాలిఫోర్నియా డ్రీమ్ లోన్ ఏడాదికి 4,000 డాలర్ల వరకే. ప్రైవేటు లోన్లకు సాధారణంగా సిటిజనో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో కో-సైన్ (హామీ సంతకం) చేయాలి. మీ ఆడపడుచు చేస్తానన్నా, పాపకు పని చేసే అనుమతి రాకపోతే ఆ అప్పు తన మెడకు చుట్టుకుంటుందని ముందే చెప్పి సంతకం పెట్టించుకోండి. చుట్టరికం నిలవాలంటే ఆ మాట ముందే అనేయాలి. స్కాలర్‌షిప్పులు, తక్కువ ఫీజు కుదరకపోతే ఒకటి రెండేళ్లు ఆగి మళ్లీ అప్లై చేయడమే మేలు. 5 లక్షల అప్పుతో చేరమని నేను ఎవరికీ చెప్పను.

చదువు అయ్యాక లైసెన్స్ సంగతి. ఫెడరల్ చట్టం 1996 నుంచి వృత్తి లైసెన్సుల్ని కూడా ప్రభుత్వ ప్రయోజనాల్లో కలిపేసింది, రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప స్టేటస్ లేనివాళ్లకు ఇవ్వకూడదంది. కాలిఫోర్నియా 2014లో ఎస్‌బీ 1159తో ఆ చట్టం చేసింది. సోషల్ సెక్యూరిటీ నంబరు బదులు పన్నులకు వాడే ఐటీఐఎన్ ఇచ్చినా డెంటల్ బోర్డు దరఖాస్తు తీసుకోవాలి. న్యూజెర్సీ 2020లో ఇలాంటి చట్టమే తెచ్చింది. చాలా రాష్ట్రాల్లో ఈ సౌకర్యం లేదు. డెంటిస్ట్రీలో ఇంకో మేలు కూడా ఉంది. మెడిసిన్‌లో డిగ్రీ తర్వాత జీతంతో కూడిన రెసిడెన్సీ తప్పదు, దానికి వర్క్ పర్మిట్ కావాలి. స్టేటస్ లేని చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతారు. జనరల్ డెంటిస్ట్‌గా ఉండటానికి కాలిఫోర్నియాలో రెసిడెన్సీ తప్పనిసరి కాదు. న్యూయార్క్‌లో అయితే ఏడాది రెసిడెన్సీ చేయాలి.

కానీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఉద్యోగం చేయొచ్చని కాదు. వర్క్ పర్మిట్ లేనివాళ్లని తెలిసి జీతానికి పెట్టుకోవడం యజమానికి చట్టవిరుద్ధం. సొంత క్లినిక్ పెట్టుకోవచ్చని కొందరు చెబుతారు, అది లాయరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, నా మాట మీద చేయాల్సింది కాదు. మీ ఇంట్లో నిజంగా ఆలోచించాల్సింది సీటు గురించి కంటే ఈ ఎనిమిదేళ్లలో ఆమె స్టేటస్ మారే అవకాశం ఉందా అన్నదే. అక్కడ మీకు ఒక బలం ఉంది, మీకే తెలిసి ఉండకపోవచ్చు. మీ పాప వీసాతో, ఎయిర్‌పోర్టులో తనిఖీ అయి వచ్చింది. అలా వచ్చినవాళ్లు గడువు దాటి ఉన్నా, భవిష్యత్తులో అమెరికా పౌరుణ్ని నిజంగా ప్రేమించి పెళ్లి చేసుకుంటే దేశం వదలకుండానే గ్రీన్ కార్డుకు అప్లై చేసుకోవచ్చు. సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు మామూలుగా ఆ వీలు లేదు. దీన్ని పట్టుకుని ఇప్పటి నుంచే సంబంధాలు వెతకమని నేను చెప్పడం లేదు. కాగితాల కోసం చేసిన పెళ్లి అని తేలితే ఆ తర్వాత ఏ పిటిషనూ ఒప్పుకోరు, పైగా ఆ అమ్మాయి జీవితం. నేను చెప్పేది ఆమె పాత పాస్‌పోర్టు, వీసా పేజీ, ఐ-94, మీ వారి ఐ-797లు (ఇమ్మిగ్రేషన్ శాఖ పంపిన నోటీసులు), ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదం ఏమైనా ఉంటే అది, అన్నీ ఒక ఫైల్లో భద్రంగా పెట్టమని.

ఆ ఫైలు పట్టుకుని ఈ నెలలోనే ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్లండి. కన్సల్టెంట్ దగ్గరికి కాదు, లాయరు దగ్గరికి. లేదంటే న్యాయ శాఖ గుర్తింపు ఉన్న సేవా సంస్థ ప్రతినిధి దగ్గరికి. కాలిఫోర్నియా యూనివర్సిటీల్లో, చాలా కమ్యూనిటీ కాలేజీల్లో స్టేటస్ లేని విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా దొరుకుతుంది. పాపను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. జనవరి పుట్టినరోజు, ఎక్స్‌టెన్షన్ తిరస్కరించిన తేదీ, ఐ-94 తేదీ ఒక కాగితం మీద రాసుకుని, 180 రోజులు సరిగ్గా ఏ రోజుకు నిండుతాయో ఆయన చేత రాయించుకోండి. దేశం లోపల విమాన ప్రయాణం ఆమెకు ఎంతవరకు క్షేమమో కూడా అడగండి. డెంటల్ ఇంటర్వ్యూలు కొన్ని కాలేజీలు ఆన్‌లైన్‌లోనే చేస్తున్నాయి కాబట్టి అవసరమైతే ఆ దారి పట్టొచ్చు. అప్లికేషన్ వ్యాసంలో స్టేటస్ గురించి రాయాలా వద్దా అన్నది అప్పటికి ఆమె ఇష్టం. నా అభిప్రాయం అడిగితే ఒక పేరా చాలు, మిగతాదంతా తను చూసిన రోగుల గురించి, పళ్ల గురించి రాయాలి.

లాయరు చెప్పిన తేదీ, పాప మనసులో మాట, రెండూ తెలిశాక మళ్లీ రాయండి. డిగ్రీకి ఏ క్యాంపస్ అన్నది అప్పుడు చూద్దాం. ఈలోగా యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) దరఖాస్తు గడువు నవంబరు నెలాఖరు దాటనివ్వకండి.